బోటు ఇంజిన్‌కు ఏ హెడ్డు?
రాజపాళయం మిల్లులో ఫిట్టరు పని నేర్చిన మన పిల్లవాడు తూత్తుకుడి పోయి బోటు ఇంజిను విప్పితే, తేల్చుకోవాల్సింది ముందు హెడ్డు సంగతే. ఒకే కొలతకు అల్యూమినియం హెడ్డు ఇనుపదాని బరువులో సగం కూడా ఉండదు, వేడిని ఇంచుమించు మూడింతలు వేగంగా లాగేస్తుంది. స్పీడు బోటుకు ఇది లాభమే. కానీ నీళ్లు ఆగి ఇంజిను కాగిందా, హెడ్డు వంకర పోతుంది, గ్యాస్కెట్టు పోతుంది. ఉప్పునీళ్లు నేరుగా తిరిగితే ఇనుము తగిలిన చోట అల్యూమినియాన్నే ముందు తినేస్తుంది. ఇనుముకూ తుప్పు పడుతుంది గానీ, కాక బాగా ఓర్చుకుంటుంది. రోజంతా వల లాగే బోటుకు ఇనుపదే మేలంటాను. నడిసముద్రంలో ఇంజిను ఆగితే ప్రాణాలతో చెలగాటం కదా! అల్యూమినియమే కావాలంటే లోపల మంచినీళ్లు తిరగాలి, ఉప్పునీళ్లు బయటినుంచే వాటిని చల్లార్చాలి. పాత హెడ్డు కొనేటప్పుడు దాని అడుగున స్టీలు స్కేలు నిలబెట్టి, సందులోంచి వెలుతురు వస్తోందేమో చూడండి.