నాలుగో ఏడాదికి ఒక సొంత ప్రశ్న

ఒకే డిగ్రీలో రసాయనశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం కలిపి చదివే వీలు 2020 జాతీయ విద్యావిధానంతో బాగా పెరిగింది. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన బాట పట్టవచ్చు. అందులో 12 క్రెడిట్లు ఒక్క ప్రాజెక్టుకే.

ఆ ప్రాజెక్టు అవసరం ఏమిటి? పలు విషయాలు చదివేవారికి ఒక్కో పేపరుకు ఒక్కో సిలబస్, ఒక్కో పరీక్ష. వాటన్నిటినీ కలిపి వాడే పని ఎక్కడా తగలదు. సొంతంగా ఒక ప్రశ్న వేసుకుని జవాబు వెతికినప్పుడే ఆ పని పడుతుంది.

ఫ్లోరైడ్ సంగతే చూడండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని తగ్గించే విధానానికి నల్గొండ పేరే పెట్టారు. ‘నల్గొండ ఫ్లోరైడ్ మీద చేస్తాను సార్’ అని విద్యార్థి వస్తే, మంచి గైడు అడగాల్సినవి మూడే: ఏ ఊరు? ఏ బోరు? ఏ నెల? అలా కుదించుకుంటూ పోతే అసలు ప్రశ్న తేలుతుంది: ఊళ్లో శుద్ధి చేసిన నీళ్లు దొరుకుతున్నా కొన్ని ఇళ్లవాళ్లు ఇంకా బోరు నీళ్లే ఎందుకు తాగుతున్నారు? నీటి నమూనా పరీక్షకు రసాయనశాస్త్రం కావాలి. నీళ్ల క్యాను ఖర్చు ఇంటి రాబడిలో ఎంతో లెక్కగట్టాలంటే ఆర్థికశాస్త్రం కావాలి. గడప గడపకూ వెళ్లి అడగాల్సిన తీరును సమాజశాస్త్రం నేర్పుతుంది. మూడూ ఒకే నోటుబుక్కులోకి వచ్చేది ఇక్కడే.

అయితే నాలుగో ఏడాదిలో హఠాత్తుగా ‘పరిశోధన చెయ్యి’ అంటే కుదరదు. పరిశోధన పత్రం చదవడం, నమూనాలు ఎంచుకోవడం, జనం అనుమతి తీసుకుని వివరాలు రాసుకోవడం మూడో ఏడాదిలోనే అలవాటు కావాలి. ప్రాక్టికల్ లెక్కన ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. ఆ లెక్కన 12 క్రెడిట్లంటే 360 గంటలు. పునాది లేకపోతే అందులో సగం ప్రశ్న వెతుక్కోవడానికే సరిపోతుంది.

ఇక గైడ్లు. పరిశోధనతో కూడిన ఈ నాలుగో ఏడాది నడిపే విభాగంలో పీహెచ్‌డీ పర్యవేక్షణకు గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలని యూజీసీ నిబంధన. పలు విషయాల ప్రాజెక్టుకు రెండు విభాగాల నుంచి చెరొక గైడు అవసరం. అప్పుడు వారు విద్యార్థికి ఇచ్చే గంటలు ఎవరి పనిభారంలోకి వస్తాయి? ఎవరి ఖాతాలోనూ పడకపోతే రెండో గైడు సంతకానికే పరిమితమవుతారు. మంచి ప్రాజెక్టులు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే.

మార్కుల పద్ధతీ మారాలి. అనుకున్నది తప్పని తేలినా, అది ఎలా తేలిందో ఆధారాలతో చూపిన విద్యార్థికి మార్కులు తగ్గించకూడదు. ఈ నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీలో చేరే అర్హత 2022లోనే వచ్చింది. అంత పెద్ద మెట్టు ఎక్కబోయేవారికి నిజాయితీగా తేల్చుకోవడం ఇక్కడే అలవడాలి. అందుకే ప్రాస్పెక్టస్‌లో కొత్త పేపరు పేరు అచ్చు వేసేముందు, ఇద్దరు గైడ్ల గంటలను టైమ్‌టేబుల్‌లో చేర్చండి.