కొత్వాలు కొలువు - కత్తిమీది సాము

బుక్కరాయసముద్రము చెరువుకట్టపై నిలిచి చూచినచో ఒక చిన్న యుద్యోగములోని పెద్ద కష్టము బోధపడును. కరవుసీమలో నీరే బంగారము. తూము తెరచి, ఎగువ మడికిని దిగువ మడికిని వంతు తప్పక నీరు పంచువాడు నీరుగంటి. ఊరిపెద్ద కన్నెఱ్ఱజేసినపుడు వంతు మార్చినచో చివరి మడి ఎండును. మార్చనిచో వాని కొలువు ఊడును. నగరమునకు పోలీసు అధిపతియైనవాని స్థితియు ఇంచుమించు ఇట్టిదే. ఇందుకు నిదర్శనముగా హైదరాబాదు కొత్వాలుగా నుండిన రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారి చరిత్రను శ్రోతల ముందుంచుచున్నాము.

కొత్వాలు అనగా నగర పోలీసు అధిపతి. దొంగలను పట్టుటతో ఆయన పని తీరదు. అంగళ్లు, ఉత్సవములు, ఊరేగింపులు, సభలు అన్నియు ఆయన కనుసన్నలలోనే జరుగవలెను. నిజాము రాజ్యమున ఈ యధికారి ప్రభువునకు మిక్కిలి చేరువవాడు. కావున అమీరులు, జాగీర్దారులు, మతపెద్దలు ఆయనను తమవైపు త్రిప్పుకొనజూచుట సహజము.

వెంకటరామారెడ్డిగారు 1869లో వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించిరి. చిన్నవయసుననే పోలీసుశాఖలో అమీనుగా చేరి, మెట్టుమెట్టుగా పైకి వచ్చి, 1920లో మీర్ ఉస్మానలీఖాను ప్రభుత్వమున కొత్వాలైరి. 1934 వరకు, అనగా 14 సంవత్సరములు, ఆ పదవిలో నుండిరి. మహమ్మదీయ ప్రభువు రాజధానిలో ఒక హిందువునకు ఈ పదవి లభించుటయే అరుదు. అంతకాలము నిలుచుట మఱింత అరుదు.

తొలి పరీక్ష త్వరలోనే వచ్చినది. 1921 నవంబరులో బ్రిటిషు యువరాజు బొంబాయిలో దిగిననాడు ఆ నగరము అల్లర్లతో అట్టుడికినది. అవి ఖిలాఫతు, సహాయనిరాకరణోద్యమముల దినములు. 1922 జనవరిలో యువరాజు హైదరాబాదునకు వచ్చెను. ఇచ్చట బొంబాయివంటి ఘోరము జరుగలేదు. కొత్వాలు దక్షత నలుగురికిని తెలిసినది.

అయినను అసలు సంకటము మఱియొకటి. 1921లో నిజాము ఫర్మానా రాజకీయ సభలకు అనుమతి కావలెనని కట్టడి చేసినది. తరువాత వచ్చిన 53వ గస్తీ ఆ బిగువును మఱింత పెంచినది. ఈ యాజ్ఞలను నగరమున అమలు జరుపవలసినవాడు కొత్వాలే. అదే కొత్వాలు 1918లో రెడ్డి హాస్టలు స్థాపనకు మూలపురుషుడు. ఆ హాస్టలును పెంచి పోషించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. ఒక చేత సభలకు ఆంక్ష; ఒక చేత విద్యార్థులకు అన్నము! దీనిని కపటమనవచ్చును, నేర్పనవచ్చును. మాకు తోచినంతవరకు, ప్రభువు విశ్వాసమే ఆయనకు కవచము. ఆ కవచము ఆయన శీలమువలన లభించినదే గాని, చట్టము ఇచ్చినది కాదు. ప్రభువు మనసు మారిననాడు దానిని నిలుపగల శక్తి మఱియొకటి లేకుండెను.

1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినది. నేడు ప్రభువు ఒక్కడు కాడు. మంత్రులు, శాసనసభ్యులు, పట్టణ నాయకులు పలువురు కలరు. అధికారిని తొలగింపనక్కఱలేదు, బదిలీ చాలును. అందుచేతనే 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ దావాలో సుప్రీము కోర్టు కొన్ని ఆదేశము లిచ్చినది. రాష్ట్ర పోలీసు అధిపతికిని, జిల్లా సూపరింటెండెంటునకును కనీసము రెండేండ్ల పదవీకాలము ఉండవలెను. క్రింది యధికారుల బదిలీలను పోలీసు అధికారుల మండలియే నిర్ణయింపవలెను. నేరపరిశోధనను శాంతిభద్రతలనుండి వేఱుచేయవలెను. అయితే వీని ఆచరణము నేటికిని పలు రాష్ట్రములలో అరకొరగానే యున్నది.

స్వేచ్ఛ యొక్కటియే చాలునా? చాలదు. అడుగువారు లేని పోలీసు అధికారముకూడ ప్రజలకు భయమే. కావుననే ఆ తీర్పు పోలీసులపై ఫిర్యాదులు వినుటకు ప్రత్యేకాధికార సంస్థలను సైతము ఏర్పఱుపుమన్నది.

మరల మా చెరువుకట్టకు వత్తము. నీరుగంటి చేతిని ఊరిపెద్ద పట్టుకొనరాదు. నీరుగంటి రాత్రివేళ తూము తెరువరాదు. ఈ రెండును చూచుకొనవలసినవారు ఆయకట్టు రైతులందఱు. చివరి మడికి నీరందినదా లేదా యనునదే ఆ కొలువునకు గీటురాయి.