కర్పూరపు మసి

ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధిని హారతి కన్నులకద్దుకొనిన పిదప, ఆ పళ్లెరపు అంచున వ్రేలు రాచి చూచినచో నల్లని మసి అంటును. కర్పూరము బూడిదయైనను మిగుల్చక హరించునని లోకులందురుగాని, పూర్తిగా హరింపలేదనుటకు ఆ మసియే సాక్షి. కర్పూరపు అణువులో కర్బన పరమాణువులు 10, ఉదజనివి 16, ప్రాణవాయువుది 1. తూకమున నూటికి 79 పాళ్లు కర్బనమే. అంత కర్బనమును దహించుటకు జ్వాలకు గాలి చాలక, మిగిలినది మసియై లోహమును పట్టుకొనును.

గుడి వెలుపలికి వచ్చి పాలకొండలవైపు చూడుడు. ఆ కొండల క్వార్ట్‌జైట్ శిల ఇంచుమించుగా సిలికాన్, ప్రాణవాయువుల కూడికయే. భూమి పైపొర తూకములో సిలికాన్ పావువంతును మించియుండగా, కర్బనము నూటికి ఒక పాలైనను లేదు. ఐనను ఆ రాతి నేలను మొలచిన ఎఱ్ఱచందనము, దాని నీడను నిలిచిన మేకల కాపరి, ఆతని సద్దిమూట, అన్నియు ఆ అరుదైన కర్బనముతో కట్టబడినవే.

సిలికాన్, కర్బనము రెంటికిని నాలుగేసి బంధములు కట్టుకొను శక్తి కలదు. ఐతే సిలికాన్ ప్రాణవాయువుతో కలిసినచో రాయియగును. రాతిని ఆకు పీల్చుకొనజాలదు. కర్బనము కలిసినచో బొగ్గుపులుసు గాలియగును. అది గాలిలో పదివేలకు నాలుగు పాళ్లకంటె అంతగా మించకున్నను, ఆకునందలి సూక్ష్మరంధ్రముల వెంట చొరబడి, ఎండ బలమున నీటితో కూడి చక్కెరయగును. మన సీమ చెట్టుకు ఇది కష్టపు బేరము: కర్బనమునకై రంధ్రము తెఱచినంతసేపు నీరు ఆవిరియై పోవుచుండును. అందుచేతనే ఎండలు ముదరకమునుపే ఎఱ్ఱచందనము ఆకు రాల్చి ఊరకుండును. ఆ చక్కెరలే గొలుసులుగా కూడి కొయ్యయగును. చేవలోని శాంటలిన్ అను ఎఱుపు, ఉంగరములుగా చుట్టుకొనిన కర్బనమే. కర్బనము తనవంటి పరమాణువుల చేతులు విడువక పట్టుకొనగలదు. సిలికాన్‌కు ఆ పట్టు బలహీనము, ప్రాణవాయువు కనబడినంతనే తన తోడివారిని వదలి దానిని చేరును.

ఇన్ని గొలుసులలో ఒక్క కర్బనమునకు విలువ యేమని తలంపరాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమముగా సిద్ధపఱచిన ఫోలిక్ ఆమ్లము, దేహములో ఒక్కొక్క కర్బనమును మోసి అందించు కూలివాని వంటిది. డి.ఎన్.ఏ. యందలి థైమిన్‌కు తగిలించు ఒంటి కర్బనము దాని భుజము మీదుగానే వచ్చును. అది కొఱవడినచో మజ్జలో రక్తకణములు సరిగా విభజింపజాలక రక్తహీనత కలుగును. ఆకుకూరలలో అది విరివిగా నున్నను ఎక్కువసేపు ఉడికినచో నశించును. కావున పాలకూరను గుజ్జగువఱకు ఉడికించు ఇల్లాండ్రను చూచినప్పుడెల్ల నా ప్రాణము ఉసూరుమనును. గర్భిణులకిచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఉండునది ఆ కూలివాడే.