తలుపు తీసినవారు

1933 జనవరి 30వ తేదీ ఉదయమున బెర్లిను నగరమున, ఎనుబదియైదేండ్ల అధ్యక్షుడు హిండెన్‌బర్గు, నిరుటి ఎన్నికలో తనతోనే పోటీచేసి పరాజితుడైన హిట్లరును పిలిపించి, ఛాన్సలరుగా ప్రమాణము చేయించెను. తుపాకి మ్రోగలేదు, కోటగోడ కూలలేదు. హిట్లరు అధికారమును కొల్లగొట్టెనని లోకమున వాడుక గాని, ఆనాడు జరిగినది అప్పగింత.

జర్మనుల ఆకలియే ఆతనిని అందలమెక్కించెనను వాదము సగము మాత్రమే సత్యము. 1919 నాటి వెర్సేల్సు సంధి మొదటి ప్రపంచయుద్ధ దోషమును ఆ జాతి నెత్తిన మోపెను. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారము విధింపబడెను. 1923 నవంబరు నాటికి ఒక్క రొట్టె వెల ఇంచుమించు ఇరువదివేల కోట్ల మార్కులకు చేరగా, కూలివారు పూటపూటకు జీతము పుచ్చుకొని, నోట్లకట్టలను బుట్టల కెత్తుకొని, సాయంకాలమునకు ధర మారిపోవునను భయముతో అంగళ్ళకు పరుగులెత్తిరి. గుమాస్తాలు జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము చిత్తుకాగితమయ్యెను. అంతటి విపత్తులోనే మ్యూనికున హిట్లరు లేవదీసిన తిరుగుబాటు తెల్లవారి మధ్యాహ్నమునకే చితికిపోయెను. దేశద్రోహమునకు ఐదేండ్ల శిక్ష పడిన ఆ పరదేశీయుడు, తీర్పు వెలువడిన పిమ్మట తొమ్మిది మాసములైనను నిండకుండ విడుదలయ్యెను. తలుపు తీయుట బహుశః అచ్చటనే మొదలైనది. ఐనను 1928 ఎన్నికలలో ఆతని నాజీ పక్షమునకు దక్కినవి నూటికి 2.6 వోట్లు!

1929 ఆర్థిక మాంద్యము వచ్చి, 1932 ఆరంభమునకు నిరుద్యోగులు అరువదిలక్షలైరి. ఆలోగా, 1930లోనే, నిరుద్యోగభృతి చందాపై తగవులాడుకొని సంకీర్ణ ప్రభుత్వము కూలెను. పిదప ఛాన్సలరుగా వచ్చిన బ్రూనింగు రాజ్యాంగమందలి 48వ అధికరణము నాశ్రయించి, అధ్యక్షుని అత్యవసర ఉత్తర్వులతో పాలించెను. నియంత రాకమునుపే పార్లమెంటు ప్రేక్షకశాలగా మారిన దన్నమాట. 1932 జూలైలో నాజీలకు 37.3 శాతము వోట్లు లభించెను, నవంబరులో 33.1కి దిగి, 34 స్థానములు పోయెను. ఆటు మొదలైన ఆ క్షణముననే వారికి పడవ అందినది.

అందించినవాడు పాపెన్. తన ఛాన్సలరు పదవిని ష్లైఖర్ తన్నుకొనిపోయెనను అక్కసుతో, జనవరి 4న కొలోనులో ఒక బ్యాంకరు ఇంట హిట్లరుతో మంతనమాడి, పిదప వృద్ధాధ్యక్షుని మనస్సు కరగించెను. మంత్రివర్గమున హిట్లరుతో కలిపి నాజీలు మువ్వురే గదా, వీనిని మన గుప్పిటనుంచుకొందమని పాపెన్ మున్నగు కులీనుల ధీమా. కొరివితో తల గోకికొనుటకు ఇంతకన్న నిదర్శనము చరిత్రలో అరుదు. ఆ మువ్వురిలో గోరింగు చేతికి ప్రష్యా పోలీసు బలగము చిక్కినదని వారు గమనింపరైరి.

రెండు మాసములైనను నిండకుండ, మార్చి 23న క్రోల్ సంగీతనాటకశాలలో పార్లమెంటు సమావేశమైనది. 81 మంది కమ్యూనిస్టు సభ్యులలో ఒక్కనికిని ప్రవేశము లేదు. నడవలనిండ గోధుమరంగు చొక్కాల నాజీ దండువారు నిలిచియుండిరి. శాసనాధికారమునంతయు హిట్లరు ప్రభుత్వమునకు ధారపోయు బిల్లునకు 444 మంది అనుకూలముగా వోటు వేసిరి. కాథలిక్కుల సెంటరు పార్టీయు అందులో చేరినది. కాదన్న 94 మందియు సోషల్ డెమోక్రాట్లే. వారి పక్షమున లేచి మాటలాడిన ఒట్టో వెల్సు 1939లో పారిసున ప్రవాసిగా కన్నుమూసెను. పాపెన్ను 1946లో న్యూరెంబర్గు న్యాయస్థానము నిర్దోషిగా విడిచిపుచ్చినది; ఆతడు 1969 వరకు జీవించెను.