చిత్రకళ కూడు పెడుతుందా?

బొమ్మలు గీసే బిడ్డను చూసి ‘ఇది కూడు పెడుతుందా?’ అని కలత చెందని తల్లిదండ్రులు అరుదు. ఈ ప్రశ్నకు మద్రాసులో ఒక ఆచార్యులు చేతలతో జవాబిచ్చారు. ఆయనే కె.సి.ఎస్. పణిక్కర్.

1911లో జన్మించిన పణిక్కర్, తండ్రి మరణానంతరం కుటుంబ పోషణకై తంతి శాఖలో కొలువు చేశారు. 1936లో మద్రాసు చిత్రకళా పాఠశాలలో విద్యార్థిగా చేరారు. తదుపరి అక్కడే అధ్యాపకులై, 1957లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి అనంతరం ఆ సంస్థకు అధిపతి అయ్యారు.

కళాశాల అధిపతి బాధ్యత గీతలు దిద్దించడంతో ముగియదు. పాఠ్యక్రమాన్ని తీర్చిదిద్దాలి, పట్టా పొందిన శిష్యుల బ్రతుకుతెరువును గూర్చీ యోచించాలి. ఆనాడు చిత్రాలు కొనేవారు బహుకొద్దిమంది. అందుచేత పణిక్కర్ నేతృత్వంలో శిష్యులు బాతిక్ అద్దకం వంటి చేతిపనులు చేసి విక్రయించారు. ఆ సొమ్ముతో నగరం వెలుపల స్థలం కొని, 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని నెలకొల్పారు. చేతిపని అన్నం పెట్టింది. చిత్రరచనకు స్వేచ్ఛ మిగిలింది.

నేడు ఈ బోధనావృత్తిని కోరేవారికి ప్రధాన మార్గం ఇది: ఇంటర్ లేక పి.యు.సి. పిమ్మట 4 ఏళ్ల బి.ఎఫ్.ఏ., 2 ఏళ్ల ఎం.ఎఫ్.ఏ., ఆపై దృశ్యకళల విషయంలో నెట్ ఉత్తీర్ణత.

కనుక బిడ్డ చేతిలోని కుంచెను లాగివేయకండి. ఆ చేతికే ఒక పనిని కూడా నేర్పించండి.