మంచుమొక్క, పాలచౌడు

ఇటీవల సముద్రతీరమున ఒక రైతు మమ్ము తన పాలచౌడు చేనికి తోడ్కొనిపోయెను. ఉప్పును తిను మొక్కలున్నచో నేల బాగుపడునని ఎవరో చెప్పగా, చేనిలో దట్టముగా మొలచిన ఇలకూరను దున్ని కలిపివేయుటకు అతడు నాగలి సిద్ధము చేసికొనియుండెను. మేము నాగలిని ఆపించి, దూరదేశపు మొక్క యొకదానినిగూర్చి చెప్పితిమి. అది మన సంఘసభ్యులకును ఉపయోగపడునని ఇట వ్రాయుచున్నాము.

మధ్యధరా సముద్రపు ఎండు తీరములందును, స్పెయినుకు చెందిన కానరీ దీవులందును మెసెంబ్రయాంథిమం క్రిస్టలినం అను మొక్క నేలపై ప్రాకుచు పెరుగును. ఆకులు మన గంగపావిలికూరవలె దళసరిగా నీరు నిండియుండును. వానిపై చిన్న బుడిపెలు మంచుబిందువులవలె మెరయును గాన మంచుమొక్క యని పేరు. అవి నిజముగా ఉప్పునీటి తిత్తులు. వేళ్లు పీల్చిన ఉప్పు చాలవరకు వానిలో చేరును. మరియొక వింత గలదు. తేమ యున్నంతకాలము ఈ మొక్క తక్కినవానివలెనే పగలు ఆకురంధ్రములు తెరచి గాలి పీల్చును. నేల ఎండి ఉప్పు మిక్కుటమైనప్పుడు పద్ధతి మార్చుకొని, రాత్రి తెరచి పగలు మూసికొని నీటిని పొదుపు చేయును.

లాంజరోటె దీవి రైతులు 18, 19 శతాబ్దములందు దీనిని పైరుగా పెంచి, ఎండబెట్టి, గోతులలో కాల్చి, ఆ బూడిదగడ్డలను ఓడల కెక్కించిరి. అందలి సోడా సబ్బునకును గాజునకును ముడిసరకు. (మన చాకలివారు చౌడుమన్నును వాడినదియు ఇందుకే గదా!) 1791లో ఫ్రాన్సున నికొలా లెబ్లాంకు ఉప్పునుండి సోడా చేయు విధానమునకు పేటెంటు పొందెను. అది వ్యాపించినకొలది బూడిద బేరము సన్నగిల్లెను.

ఇందు రైతు గమనింపవలసినది, వారు మొక్కను కోసి చేను దాటించిరనుట. కోయక విడిచినచో కథ వేరు. వేసవిలో మొక్క ఎండి చచ్చును. తిత్తులలోని ఉప్పు తరువాతి వానకు కరగి పైమట్టికి దిగును. లోతునుండి పైకి తోడిపోసినట్లే! అప్పుడు గడ్డివిత్తులు మొలవవు, మంచుమొక్క విత్తులు మొలచును. కాలిఫోర్నియా తీరమున ఇది గడ్డిబీళ్లను ఆక్రమించినది ఈ తీరుననే.

మన ఇలకూరయు ఉప్పును ఆకులందు దాచుకొనునదే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గు, 1791-93 కరవులో తీరప్రాంతపు బీదల ప్రాణములను వేలకొలది ఈ ఆకే నిలిపినదని వ్రాసియున్నాడు. దానిని దున్నిన, తిన్న ఉప్పు నేలకే మరలును. కోసి తీసివేసిన, కొంత తగ్గును. కొంతయే సుమా! పాలచౌడును కడుగునది మడికట్లలో నిలిపిన మంచినీరును, దానిని బయటికి పంపు మురుగుకాలువయును. దున్ని కలుపవలసిన పచ్చిరొట్ట జీలుగ.

రైతు కొంతసే పాలోచించి నాగలిని విప్పెను. మేము బయలుదేరునప్పటికి ఆ యింటి ఆడవారు ఇలకూరను కోసి తట్టల కెత్తుచుండిరి.