రుణం మంజూరైతే ఉద్యోగం వచ్చేసినట్టేనా?

ఫలానా విద్యుత్‌ వాహనాల కంపెనీకి వేల కోట్ల ప్రభుత్వ రుణం, బోలెడు కొలువులు... ఇలాంటి వార్త కనబడగానే రెజ్యూమె పంపేయాలనిపిస్తుంది కదూ? పంపండి, తప్పులేదు. కానీ రుణం మంజూరవడం వేరు, డబ్బు చేతికందడం వేరు. ఈ తేడా తెలిస్తే ఏ ఆఫర్‌ లెటర్‌ను ఒకటికి రెండుసార్లు చదవాలో మీకే అర్థమవుతుంది. ఇందుకు అమెరికా అనుభవం మంచి పాఠం.

పునాదికి కొంత.. స్లాబుకు కొంత

తక్కువ ఇంధనంతో నడిచే వాహనాలను, వాటి విడిభాగాలను స్వదేశంలోనే తయారుచేసే కంపెనీలకు నేరుగా అప్పులిచ్చేందుకు అమెరికా 2007లో చట్టం చేసింది. 2008లో 2,500 కోట్ల డాలర్ల వరకు రుణాలిచ్చే వీలు కల్పించింది. ఆ బాధ్యత ఇంధన శాఖది.

వడ్డీ తక్కువే. అలాగని ఊరికే వచ్చే సొమ్ము కాదు. ప్రాజెక్టు ఖర్చులో 80 శాతం వరకే అప్పు దొరుకుతుంది. మిగతాది కంపెనీయే పెట్టుకోవాలి. పైగా అంతా ఒకేసారి ఇవ్వరు. ఇంటి రుణం తీసుకుంటే బ్యాంకు పునాదికి కొంత, స్లాబుకు కొంత ఇస్తుంది చూడండి, అచ్చం అలాగే. పని ముందుకు సాగితేనే తర్వాతి విడత.

రెండు కంపెనీలు.. రెండు దారులు

2010 జనవరిలో టెస్లా 46.5 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం చేసుకుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మూతపడిన ప్లాంటును కొని, 2012లో మోడల్‌ ఎస్‌ కార్లను బయటికి తెచ్చింది. 2013 మేలో, గడువుకు తొమ్మిదేళ్ల ముందే అప్పంతా తీర్చేసింది.

అదే 2010లో ఫిస్కర్‌ అనే కంపెనీకి అంతకంటే ఎక్కువే, 52.9 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. డెలావర్‌లోని పాత జనరల్‌ మోటార్స్‌ ప్లాంటులో కార్లు తయారుచేస్తామంది. అనుకున్న గడువులు దాటిపోవడంతో 2011లో ప్రభుత్వం విడతలు ఆపేసింది. అప్పటికి అందింది 19.2 కోట్ల డాలర్లే. 2012లో బ్యాటరీలు సరఫరా చేసే కంపెనీ దివాలా తీసింది. 2013 ఏప్రిల్‌లో ఫిస్కర్‌ సుమారు 160 మందిని, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురిని ఇంటికి పంపింది. నవంబరులో తానే దివాలా తీసింది. ఆ ప్లాంటు నుంచి ఒక్క కారూ రాలేదు. ప్రభుత్వానికి 13.9 కోట్ల డాలర్ల నష్టం.

రెండింటికీ అప్పు ఇచ్చింది ఒకే ప్రభుత్వం. మంజూరు పత్రం చూసి చేరినవారికి ఒకచోట కెరియర్‌ దొరికింది, మరోచోట కొలువు పోయింది.

అప్పు వెనకా కొలువులే

ఇలాంటి రుణం ఇవ్వాలంటే టెక్నాలజీ పనిచేస్తుందో లేదో చూసే ఇంజినీర్లు, రాబడి లెక్కగట్టే ఫైనాన్స్‌ నిపుణులు, ఒప్పందాలు రాసే లాయర్లు, పర్యావరణ ప్రభావాన్ని పరిశీలించేవారు.. అందరూ కావాలి. మెకానికల్‌ డిగ్రీకి కాస్త బ్యాలెన్స్‌ షీట్‌ చదివే నేర్పు, బీకామ్‌కు బ్యాటరీపై కనీస అవగాహన తోడైతే మీ దారి వెడల్పవుతుంది.

మన దగ్గర ఎలా?

మన దేశంలో 2021లో ఆమోదం పొందిన వాహన రంగ పీఎల్‌ఐ పథకం (రూ.25,938 కోట్లు) తీరు వేరు. ఇది అప్పు కాదు, ప్రోత్సాహకం. అమ్మకాలు పెరిగాకే డబ్బు వస్తుంది. కాబట్టి పథకానికి ఎంపికైన కంపెనీ అనగానే డబ్బు వచ్చేసిందనుకోకండి. బ్యాటరీల తయారీలో మనవాళ్లకూ అవకాశాలు పెరుగుతున్నాయి. మహబూబ్‌నగర్‌ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్లాంటుకు 2023లో శంకుస్థాపన జరిగింది.

చేరేముందు ఇవి తెలుసుకోండి

* వాహనం రోడ్డెక్కిందా, ఇంకా నమూనా దశలోనే ఉందా?
* ప్రకటించిన డబ్బులో ఇప్పటిదాకా చేతికందింది ఎంత?
* బ్యాటరీల కోసం ఒక్క సరఫరాదారుపైనే ఆధారపడ్డారా?
* ఇక్కడ నేర్చుకునే పని మరో కంపెనీలోనూ అక్కరకొస్తుందా?

మొదటి మూడింటికీ సరైన జవాబు రాకపోయినా, నాలుగోదానికి అవునని వస్తే ధైర్యం చేయొచ్చు. కంపెనీ నిలబడకపోయినా చేతిలో పని మిగులుతుంది. నాలుగోదానికీ కాదనే వస్తే మాత్రం, జీతం అంకె ఎంత పెద్దదైనా మరోసారి ఆలోచించుకోండి.